వ్యాన్‌లో చెప్పిన పాఠం

మరియదాసుకు ఒక జబ్బు ఉంది. ఎదురుగా నలుగురు కూర్చుని కనిపిస్తే పాఠం చెప్పకుండా ఉండలేడు. గుంటూరులో ఇరవై ఏళ్ళపాటు కాలేజీ పిల్లలకు అమెరికా చరిత్ర చెప్పి చెప్పి అలవాటుపడిన నోరది. మెల్‌బోర్న్ వచ్చాక ఆ నోటికి పని లేకుండా పోయింది. ఆయన ఎం.ఫిల్. పట్టాను ఒక యూనివర్సిటీ గుమస్తా అటూ ఇటూ తిప్పి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, తిరిగి చేతిలో పెట్టాడు. అంతటితో ఆ ముచ్చట తీరింది. చివరికి కారు సీట్లకు కవర్లు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా తేలాడు.

సూపర్‌వైజరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. పొద్దున్నే తెల్ల వ్యాన్ బయటికి తీయాలి. ఊరి శివారు నోబుల్ పార్క్‌లో ఒకే వరసలో ఉన్న ఇటుక యూనిట్ల, అంటే చిన్న అద్దె ఇళ్ళ, ముందు ఆగి, కుట్టుపనికి వచ్చే ఆడవాళ్ళను ఎక్కించుకోవాలి. కేరమ్ డౌన్స్‌లో షెడ్డు దగ్గర దించాలి. పగలంతా వాళ్ళు కుట్టిన కవర్లను కట్టలు కట్టించి లారీకి ఎక్కించాలి. సాయంత్రం మళ్ళీ వ్యాను, మళ్ళీ యూనిట్లు. ఆ ఆడవాళ్ళలో ఆయన భార్య సుగుణకుమారి కూడా ఒకతె. ఆమె మిషన్ మీద కూర్చుంటే కుట్టు గీత గీసినట్టు వస్తుందని షెడ్డులో పేరు.

షెడ్డు బెన్‌హర్ గారిది. వ్యాన్ ఆయనదే. యూనిట్లూ ఆయనవే. వాళ్ళందరూ ఆదివారం వెళ్ళే తెలుగు చర్చిలో పెద్ద కూడా ఆయనే. బాపట్ల నుంచి డెబ్భైలలో వచ్చి, కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి, సొంతంగా షెడ్డు పెట్టుకున్న మనిషి. చెడ్డవాడని మాత్రం అనుకోకండి. చెడ్డవాడైతే మరియదాసుకు ఇంత చిక్కు వచ్చేదే కాదు. కొత్తగా దిగినవాళ్ళకు ఎయిర్‌పోర్టుకు తానే కారు వేసుకుని ఎదురువెళ్ళేవాడు. యూనిట్ తలుపు తీసేసరికి లోపల దుప్పట్లు, గిన్నెలు, బియ్యం బస్తా, ఆవకాయ సీసాతో సహా ఉండేవి. మరియదాసు కుటుంబం వచ్చిన రోజు మంచి చలి. బెన్‌హర్ గారు తన కోటు విప్పి వాళ్ళ కూతురు క్లారాకు కప్పారు. ఆ కోటు సంగతి తలుచుకుని సుగుణకుమారి ఆయన కోసం చాలాకాలం ప్రార్థన చేసింది.

ఇక్కడ శాశ్వతంగా ఉండాలంటే, ఉద్యోగమిచ్చినవాడు ‘ఈ మనిషి నాకు కావాలి’ అని ప్రభుత్వానికి రాసివ్వాలి. దాన్ని నామినేషన్ అంటారు. మరియదాసు వీసా గడువు దగ్గరపడుతోంది. నామినేషన్ బెన్‌హర్ గారి చేతిలో ఉంది. ఉద్యోగం, ఇల్లు, చర్చి, చివరికి ఈ దేశంలో నిలబడే హక్కు, అన్నీ ఒకే ఒక్క మంచి మనిషి దగ్గర ఉండటమంటే ఏమిటో మరియదాసుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆయన ఎం.ఫిల్. చేసింది సరిగ్గా ఆ సంగతి మీదే.

వ్యాన్‌లో పాఠాలు మొదలవడానికి కారణం ప్రేమవతి. ఆమె ఫిజీ మనిషి. అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక, భర్త పోయిన కొన్నాళ్ళకు, కూతురు ఆష్నీతను వెంటబెట్టుకుని వచ్చింది. పూర్వీకులెప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కారట. తెలుగు చదవలేదు, రాయలేదు గానీ నాయనమ్మ దగ్గర నేర్చిన మాట మాత్రం పోలేదు. హిందువే అయినా శుక్రవారం బెన్‌హర్ గారింట్లో జరిగే ప్రార్థనకు తప్పకుండా వచ్చేది. ఎందుకు రాదు? వచ్చేవారం ఎవరికి ఓవర్‌టైమో ఆ ప్రార్థన అయ్యాక, టీ తాగేటప్పుడే చెప్పేవారు.

ఆమె ఒకరోజు సిగ్నల్ దగ్గర వ్యాన్ ఆగినప్పుడు, గుంటూరులో ఏం చదువు చెప్పేవాడివని అడిగింది. అంతే, మరియదాసు ఆగలేదు. నూరేళ్ళ కిందటి అమెరికా వ్యాన్‌లోకి వచ్చి కూర్చుంది. రాత్రికి రాత్రే లేచిన మిల్లులు, గనుల్లో పనిచేసిన పసిపిల్లలు, మాంసం డబ్బాల్లో ఏం కలుపుతున్నారో రాసి దేశాన్ని గగ్గోలు పెట్టించిన పత్రికలవాళ్ళు, చదువుకున్న పెద్దింటి ఆడపిల్లలు పేదవాడలో ఇల్లు అద్దెకు తీసుకుని, అక్కడే కాపురముండి, చెత్తబండి రాకపోతే మునిసిపాలిటీ మీదికి పోవడం, దేవుని రాజ్యం గుడిలోకే కాదు, ఫ్యాక్టరీలోకి కూడా రావాలని ప్రసంగించిన పాస్టర్లు. ఎనిమిది గంటల పనిదినం సంగతి వచ్చినప్పుడు, ఇదే మెల్‌బోర్న్‌లో రాళ్ళు చెక్కేవాళ్ళు దాన్ని అమెరికావాళ్ళకంటే ఎంతో ముందే గెలిచారని గర్వంగా చెప్పాడు.

“మరి కేరమ్ డౌన్స్‌కి అది ఇంకా రానేదేటి మాస్టరూ?” అంది ప్రేమవతి.

వ్యాన్ అంతా నవ్వింది. మరియదాసు కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఆయనకు తన పాత క్లాసు గది దొరికింది. ఇక మర్నాడు ఏం చెప్పాలో ముందు రోజే ఆలోచించుకోవడం మొదలుపెట్టాడు. సుగుణకుమారి మాత్రం వెనక సీట్లో నవ్వకుండా కూర్చుంది. ఇంటికొచ్చాక, బెన్‌హర్ గారి వ్యాన్‌లో, ఆయన జీతం తీసుకుంటూ ఈ కథలెందుకండీ అని అడిగింది. చరిత్రే కదా, చచ్చినవాళ్ళ సంగతే కదా అని ఈయన తేల్చేశాడు.

అన్నిటికంటే వాళ్ళకు నచ్చింది షికాగో పక్క ఊరి కథ. రైలుపెట్టెలు చేసే ఒక యజమాని తన పనివాళ్ళ కోసం ఏకంగా ఊరే కట్టించాడు. ఇటుక ఇళ్ళు, కుళాయిలు, పూలతోటలు, లైబ్రరీ. సారా దుకాణం లేదు. చర్చి కూడా ఆయనే కట్టించి దానికీ అద్దె అడిగితే, ఇవ్వలేక చాన్నాళ్ళు అది ఖాళీగా పడి ఉంది. చూడటానికి దేశదేశాల నుంచి జనం వచ్చారు. అంత చక్కని ఊళ్ళో పనివాడి ఇల్లు, జీతం, దీపం, నీళ్ళు అన్నీ ఒక్కడి చేతిలోనే. కష్టకాలం వస్తే జీతం తగ్గించాడు, అద్దె తగ్గించలేదు. ఆయన చేసిన మేలు అబద్ధం కాదు, కానీ ఒక్కటీ వాళ్ళను అడిగి చేసింది కాదు అని చెప్పాడు మరియదాసు. అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ ఏడాది ఎటు చూసినా మాంద్యమే. పక్కనే డాండెనాంగ్‌లో ఒక్కొక్క ఫ్యాక్టరీ గేటుకూ గొలుసు పడుతోంది. కార్లు కొనేవాళ్ళు లేరు, సీట్ల కవర్లు ఎవరికి కావాలి? బెన్‌హర్ గారు ఒక మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపించి, మనమంతా ఒక కుటుంబం అని మొదలుపెట్టి, అందరి జీతాలూ తగ్గిస్తున్నానని చెప్పారు. ఎవరినీ తీసేయడం ఇష్టం లేక ఈ దారి ఎంచుకున్నానన్నారు. చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అవి నిజం కన్నీళ్ళే. కొందరు ఆడవాళ్ళు కూడా ఆయనతోపాటు ఏడ్చారు. యూనిట్ల అద్దె మాట మాత్రం ఆయన ఎత్తలేదు, అది ఎప్పటిలాగే జీతంలో కోసుకుని మిగిలింది చేతికి వచ్చింది.

మర్నాడు వ్యాన్‌లో వెనక నుంచి ఎల్సా అడిగింది. ఎల్సాది రేపల్లె, వయసులో అందరికంటే చిన్నది.

“మాస్టరుగారూ, ఆ ఊరోళ్ళకి కూడా జీతం తగ్గించి రెంట్ తగ్గించలేదన్నారు గదా. వాళ్ళేం చేశారండీ?”

“తమలోంచి కొందరిని ఎంచుకుని యజమాని దగ్గరికి పంపారమ్మా. మా జీతమైనా పెంచు, అద్దైనా తగ్గించు అని అడిగారు.”

“తర్వాత?”

షెడ్డు గేటు వచ్చింది. మరియదాసు వ్యాన్ ఆపి తలుపు తీశాడు. తర్వాత ఏమైందో ఆయనకు కంఠతా వచ్చు. ఏమీ చేయబోమని మాటిచ్చిన యజమాని మనుషులే, అడగడానికి వెళ్ళినవాళ్ళలో ముగ్గురిని మర్నాడే పనిలోంచి తప్పించారు. ఊరంతా సమ్మె కట్టింది. చివరికి సైన్యం వచ్చింది, సమ్మె ఓడింది. ఆ ముక్క సాయంత్రం చెప్పొచ్చనుకున్నాడు, కానీ సాయంత్రం చెప్పలేదు. వాళ్ళ ముఖాల్లో మొదటిసారి ఏదో వెలిగింది, దాన్ని ఆర్పడం ఇష్టం లేకపోయింది. ఇంకొక కారణం కూడా ఉంది. వాళ్ళు తనవైపు అలా చూడటం ఆయనకు బాగుంది.

అలా చూసినందుకు ఫలితం కూడా వెంటనే వచ్చింది. ఆ ప్రతినిధివి నువ్వే అన్నారు అందరూ కలిసి. చదువుకున్నవాడివి, మాట తెలిసినవాడివి, బెన్‌హర్ అన్నయ్యగారికి నువ్వంటే గౌరవం అన్నారు. ఇరవై ఏళ్ళు ఏ ధైర్యం గురించి చెప్పాడో ఆ ధైర్యాన్ని ఇప్పుడు తన జేబులోంచి తీయమంటున్నారు. కాదంటే ఆ చెప్పిందంతా ఉత్తిదే అవుతుంది, సరేనంటే నామినేషన్ ఏమవుతుందో ఎవరికి తెలుసు? నీళ్ళు నమిలి, చూద్దాం అన్నాడు. వాళ్ళు దాన్ని సరే అనే అనుకున్నారు.

నిజంగానే ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. అద్దె సంగతి ఒకసారి మాట్లాడాలి అన్నయ్యగారూ అని సగం అనేలోపే బెన్‌హర్ గారు లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

“ఆఫీసులో వద్దు దాసూ. మనం యూనియన్ వాళ్ళమా? ఏదున్నా ఫ్రైడే ఇంట్లో, కుటుంబంలాగా మాట్లాడుకుందాం.”

శుక్రవారం ఇంట్లో మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. పాట, బైబిలు వాక్యం, దేవుడు తనకు చేసిన మేళ్ళ గురించి బెన్‌హర్ గారి సాక్ష్యం, మళ్ళీ పాట. తర్వాత ఆయన స్వయంగా గరిటె పట్టుకుని వేట మాంసం వడ్డిస్తారు. ఆయన కూర నోట్లో పెట్టుకుని ఆయన అద్దె గురించి ఎవరడుగుతారు? సందు ఎక్కడా లేదు.

ఆలోచించగా ఒక్క సందు కనిపించింది మరియదాసుకు. ముగింపు ప్రార్థన. ఒకరు ప్రార్థన చేస్తుంటే మధ్యలో ఎవరూ అడ్డుపడరు, అది బాపట్లలోనైనా మెల్‌బోర్న్‌లోనైనా ఒకటే. అందరి కళ్ళూ మూసి ఉంటాయి. దేవుడికి విన్నవించుకుంటే బెన్‌హర్ గారి చెవిన పడుతుంది, ఆయన తిరిగి ఏమీ అనలేడు. పైగా ఆ ప్రార్థన ఎక్కువగా తననే చేయమంటారు. ఈ ఉపాయం సుగుణకుమారికి చెప్పి, రెండు రోజులు వంటింట్లో నిలబడి సాధన చేశాడు. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ వింది.

“దేవుడికి ఇంత పీఠిక ఎందుకండీ? ఆయనకి తెలవని సంగతులా? అద్దె తగ్గించేట్టు మనసు ఇయ్యి తండ్రీ అని ఒక్క ముక్క అడగండి, చాలు” అంది.

అలా అంటే మొరటుగా ఉంటుందన్నాడు మరియదాసు. స్తుతి ఉండాలి, కృతజ్ఞత ఉండాలి, తర్వాతే మనవి. పద్ధతి అంటూ ఒకటుంటుంది గదా అన్నాడు.

శుక్రవారం సాయంత్రం బెన్‌హర్ గారి హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప, కార్పెట్ మీద దుప్పట్లు, కొంగులు కప్పుకున్న తలలు. గోడమీద, ఈ ఇంటికి యజమాని క్రీస్తే అని ఇంగ్లీషులో చెక్కిన పలక. ప్రేమవతి దాని ఎదురుగానే కూర్చునేది. దానిమీద ఏం రాసి ఉందో ఎప్పుడో కూతురినడిగి తెలుసుకుంది.

సాక్ష్యం అయ్యాక బెన్‌హర్ గారు గొంతు సవరించుకుని, ఒక సంతోషవార్త ఉందన్నారు. మన దాసు నామినేషన్ ఆ రోజే పంపించానని, ఆ కుటుంబం ఇక మనతోనే ఉంటుందని, దేవుడికి స్తోత్రమని చెప్పారు. అందరూ స్తోత్రమన్నారు. సుగుణకుమారి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. క్లారా ఇంగ్లీషులో ఓ మై గాడ్ అని, వెంటనే సారీ అంది. ఆ సంతోషంలోంచి బెన్‌హర్ గారు చెయ్యి చాపి, ముగింపు ప్రార్థన నువ్వే చెయ్యి దాసూ అన్నారు.

మరియదాసు లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాడు. మహా పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ సాయంకాల సమయమున నీ పాదసన్నిధికి చేరియున్నాము అని ఎత్తుకున్నాడు. స్తుతి బాగానే నడిచింది. కృతజ్ఞత దగ్గరికి వచ్చేసరికి నామినేషన్‌కు కృతజ్ఞత చెప్పకుండా ఎలా దాటతాడు? చెప్పాడు. నామినేషన్ పంపిన చేతిని దీవించకుండా ఎలా ఉంటాడు? దీవించాడు. చేతిని దీవించాక ఆ చేతిపనిని, వ్యాపారాన్ని, ఈ గృహాన్ని, గృహస్థుని, ఆయన పిల్లలను దీవించడం పద్ధతి. ఆ మాటలు చిన్నప్పటి నుంచీ నోటికి పట్టినవి. ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వచ్చేస్తున్నాయి. ఇప్పుడు చెప్పాలి, ఈ వాక్యం తర్వాత చెప్పాలి అని లోపల కొట్టుకుంటూనే ఉన్నాడు. అంతలో ‘యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము’ అనే మాట నోట్లోంచి వచ్చేసింది. దాని తర్వాత ఆమేన్ తప్ప ఇంకేదీ రాదు. వచ్చింది.

ఆయనకు కళ్ళు తెరవబుద్ధి కాలేదు. అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. బెన్‌హర్ గారు టీ తెమ్మని లోపలికి కేకవేయబోతుండగా, కింద నుంచి ఇంకొక గొంతు మొదలైంది.

ప్రేమవతికి మన పద్ధతులు తెలియవు. ముగింపు ప్రార్థన అయ్యాక ఇంకెవరూ చేయకూడదని తెలియదు. కళ్ళు మూసుకోవాలని కూడా తెలియదు. రెండు చేతులూ జోడించి, గోడమీద పలకను చూస్తూ, పక్కింటి పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

“దేవుడా, ఈ ఇంటికి యజమానివి నువ్వేనంట గదా. జీతం తగ్గించినావు. కష్టకాలం, తగ్గించినావు, నానేం అననేదు. అద్దె తగ్గించడం మరిసిపోనావు. నీకు సానా పనులుంటాయి, మరుపు సహజం. ఇప్పుడు గుర్తు సేసినాను. అదీ తగ్గించు. నా పిల్ల సదువుకోవాల.”

హాలు కళ్ళన్నీ గబగబా మళ్ళీ మూతపడ్డాయి. ఆమె ఆగింది. అప్పుడు ఎల్సా ఆమేన్ అంది. ఆ వెనకే ఆడవాళ్ళందరూ అన్నారు. ప్రార్థనకు ఆమేన్ అనకపోతే చర్చి పెద్ద పెద్దరికం ఏం కాను? బెన్‌హర్ గారు కూడా అన్నారు. ప్రేమవతి ఆయన వైపు తిరిగి తృప్తిగా తలూపింది.

సోమవారం మధ్యాహ్నం మరియదాసుకు ఆఫీసు గదిలోంచి పిలుపు వచ్చింది. బెన్‌హర్ గారి ముఖంలో కోపం లేదు, బాధ ఉంది. ఆమె ఏదో అందని కాదట. ప్రార్థనను అలా వాడుకోవడం మాత్రం తనను చాలా నొప్పించిందట. ఆమెకు మన వాతావరణం సరిపడటం లేదేమో, వేరే చోట చూసుకుంటే ఆమెకే మంచిదట. ఈ వారం చివరికి యూనిట్ ఖాళీ చేస్తే చాలట, పనిలోకి కూడా ఇక రానక్కర్లేదట.

“నోటీసు కాగితం ఇవ్వడం మన పద్ధతి కాదు దాసూ. ఇంటిమనిషిలాగా నువ్వే నెమ్మదిగా చెప్పు.”

అది చట్టం ఒప్పుకోదని మరియదాసుకు తెలుసు. అనాలనుకుని నోరు తెరిచాడు. నామినేషన్ పరిశీలనకు చాలా నెలలు పడుతుందని, ఈలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని కూడా ఆయనకు తెలుసు. సరేనండి అన్నాడు.

ఆ సాయంత్రం ప్రేమవతి తలుపు తీయగానే నెయ్యి వాసన వచ్చింది. సేమ్యా పాయసం చేసింది. బెన్‌హర్ గారు స్వయంగా ఆమేన్ అన్నారు కాబట్టి అద్దె తగ్గినట్టేనని ఆమె నమ్మకం. మరియదాసు చేతిలో గిన్నె పెట్టింది. ఆయన ఆ గిన్నె పట్టుకునే, తినకుండానే, చెప్పాల్సింది చెప్పాడు. హోమ్‌వర్క్ చేసుకుంటున్న ఆష్నీత పెన్ను ఆపి, తెలుగు పూర్తిగా అర్థంకాక, తల్లి ముఖం చూసింది.

“నువ్వేటి సెప్పినావు బాబూ ఆయనతోటి?” అనడిగింది ప్రేమవతి.

“ఏమీ చెప్పలేదమ్మా.”

ఆమె తిట్టలేదు. గిన్నె తీసుకుని వెళ్ళి సింకు పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండునని మరియదాసు మనసారా కోరుకున్నాడు. ఇంటికొచ్చి సుగుణకుమారికి అంతా చెప్పాడు. షికాగో ఊళ్ళో అడగడానికి వెళ్ళినవాళ్ళను మర్నాడే తీసేశారని, ఆ ముక్క తాను వ్యాన్‌లో చెప్పలేదని కూడా చెప్పాడు.

“ఆ ముక్కే గదండీ ఆమెకి తెలియాల్సింది” అంది సుగుణకుమారి. తర్వాత చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది. ఒక్కొక్క యూనిట్ తలుపూ తట్టడం మరియదాసుకు వినిపిస్తూనే ఉంది.

మంగళవారం పొద్దున వ్యాన్ వెళ్ళి ఆగేసరికి ఎక్కడానికి ఎవరూ రాలేదు. ప్రేమవతి గుమ్మం ముందు, మంచుకు తడిసిన గడ్డి మీద దుప్పటి పరుచుకుని, ఆడవాళ్ళందరూ తలల మీద కొంగులు కప్పుకుని కూర్చున్నారు. ఎల్సా కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఆమె ఆపగానే ఇంకొకామె అందుకుంది. నడుమ ప్రేమవతి చేతులు జోడించి, తన రాముణ్ణే పిలుచుకుంటోంది. ఎవరూ సమ్మె అనే మాట అనలేదు, జెండా లేదు, అరుపు లేదు. ప్రార్థన జరుగుతోంది, అంతే.

మరియదాసుకు ఒక్కసారిగా గుండె నిండిపోయింది. పుస్తకాల్లో తప్ప తాను ఎన్నడూ చూడనిది కళ్ళెదుట ఉంది. సీటుబెల్టు తీసి, తలుపు తెరిచి, ఒక కాలు కింద పెట్టాడు. అప్పటికే సుగుణకుమారి గబగబా నడిచి వ్యాన్ దగ్గరికి వచ్చింది. మిగతావాళ్ళకు వినపడకుండా, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

“ఎక్కండి.”

“నేనూ కూర్చుంటా సుగుణా. శుక్రవారం నా వల్ల కాలేదు. ఇవాళైనా నన్ను కూర్చోనీ.”

“నాకు తెలుసండీ. కానీ నామినేషన్ మీ పేరు మీద ఉంది. వాళ్ళందరికీ పేపర్లు ఉన్నాయి, మనకి లేవు. మీరిక్కడ దిగితే మనం ముగ్గురం ఈ దేశంలోంచి దిగినట్టే. క్లారా ఏమైపోవాల? ఒకళ్ళం ఇక్కడుండాల, ఒకళ్ళం అక్కడుండాల. ఇక్కడ నేనుంటా.”

“నిన్ను చూసి ఆయన ఊరుకుంటాడా?”

“పెళ్ళాం మాట వినలేదని చెప్పండి. ఆయన నమ్ముతాడు.”

ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ చెయ్యి మాత్రం వ్యాన్ తలుపు మీద గట్టిగా ఉంది. మరియదాసు కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆమే తలుపు వేసింది. దుప్పటి మీద నుంచి ఎల్సా తలెత్తి చూసింది. ఆమెకు కనిపించింది ఒక్కటే, మాస్టరుగారు దిగబోయి మళ్ళీ ఎక్కి వెళ్ళిపోవడం.

ఖాళీ వ్యాన్ షెడ్డు దగ్గరికి చేరింది. బెన్‌హర్ గారు గేటు దగ్గరే ఉన్నారు. మధ్యాహ్నానికి లారీ వస్తుంది. కవర్లు వెళ్ళకపోతే కార్ల కంపెనీలో పని ఆగిపోతుంది, అలా ఆగితే మళ్ళీ ఆర్డరు రాదు. ఆడవాళ్ళేరని అడిగారు. ప్రార్థనలో ఉన్నారని చెప్పాడు మరియదాసు. సుగుణ కూడానా అన్నారు. నా మాట వినలేదన్నాడు. బెన్‌హర్ గారు నిట్టూర్చి, ఆయన వీపు తట్టారు.

“నువ్వొక్కడివైనా నమ్మకంగా నిలబడ్డావు దాసూ. పద, నీకు చేతనైనంత కుట్టు. నేను వాళ్ళతో మాట్లాడి వస్తా.”

అలా మరియదాసు సుగుణకుమారి మిషన్ ముందు కూర్చున్నాడు. అంత పెద్ద షెడ్డులో ఆ ఒక్క మిషనే మోగుతోంది. ఏ కాలంలో, ఏ ఊళ్ళో, ఎవరు పని మానేసి ఎలా నిలబడ్డారో ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, తన కళ్ళముందు అందరూ పని మానేసిన రోజున పనిలో కూర్చున్న ఒకే ఒక్క మనిషి అయ్యాడు. కుట్టు అడ్డదిడ్డంగా పోతోంది. ఆపితే బెన్‌హర్ గారు ఏ క్షణాన వచ్చి చూస్తారో తెలియదు. కుడుతూనే ఉన్నాడు.

యూనిట్ల దగ్గర జరిగింది ఆయనకు తర్వాత తెలిసింది. బెన్‌హర్ గారు వెళ్ళేసరికి ప్రార్థన సాగుతోంది. చర్చి పెద్ద కదా, ప్రార్థనను ఆపలేడు. గేటు దగ్గర తలవంచుకుని నిలబడ్డారు. ఒకరు ఆమేన్ అనకముందే ఇంకొకరు తండ్రీ అని అందుకుంటున్నారు. సుగుణకుమారి ప్రార్థన అన్నిటికంటే పొడుగ్గా సాగిందట. అటు లారీ వచ్చే వేళవుతోంది. చివరికి ఆయనే ఆ దుప్పటి అంచున మోకరించి, ప్రేమవతి ఎక్కడికీ పోనక్కర్లేదని, అద్దె కూడా తగ్గిస్తానని దేవుడితో చెప్పారు. అప్పుడు అందరూ ఒక్కసారిగా ఆమేన్ అన్నారు.

ఆడవాళ్ళను ఆయన తన సొంత కారులోనే విడతలు విడతలుగా తీసుకొచ్చారు. ముందు సీట్లో కూర్చుని వచ్చింది ప్రేమవతి. షెడ్డు తలుపు దగ్గర నవ్వులు వినిపించాయి. అవి లోపలికి వచ్చి, మోగుతున్న మిషన్‌ను చూసి, ఆగిపోయాయి. మరియదాసు తలెత్తాడు. ఎల్సా చూపు తిప్పుకుని తన మిషన్ వైపు వెళ్ళిపోయింది. ప్రేమవతి మాత్రం దగ్గరికి వచ్చి, ఆయన పక్కన పేరుకున్న కవర్లను చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

“పొద్దుట్నించీ కుడతన్నావా మాస్టరూ?”

మరియదాసు సుగుణకుమారి వైపు చూశాడు. నేనే పంపాను అని ఆమె ఒక్క మాట అంటే చాలు. కానీ ఆమె వెనకే బెన్‌హర్ గారు నిలబడి ఉన్నారు, వింటున్నారు. సుగుణకుమారి ఒక కవరు చేతిలోకి తీసుకుని, వంకరపోయిన కుట్టును వేలితో తడిమి, తల వంచుకుంది.

“అవునమ్మా” అన్నాడు మరియదాసు. లేచి, భార్యకు ఆమె చోటు ఇచ్చాడు.